ఆగి చూడాలా, అడిగి చూడాలా?

ఈ వాదానికి మూలమైన కడుపు నాది. మూడు వారాలుగా పైకడుపులో మంట, కాస్త తినగానే పొట్ట నిండిపోయినట్టు ఉండడం, ఊరికే తేన్పులు. పొరపాటున తమ్ముడి దగ్గర నోరు జారాను. వాడు చెప్పేది లెక్కలే అయినా రోగాల గురించి చదవనిది లేదు. వెంటనే డాక్టర్ దగ్గరికి పదమన్నాడు. మా ఆవిడ పదిహేనేళ్లు ఎండోస్కోపీ గదిలో, అంటే గొట్టం వేసి కడుపు లోపల చూసేచోట, నర్సుగా చేసింది. ఆమె ఆగమంది. ఇది తిరగబడి ఉండాలి కదా అని నాకే అనిపించింది. ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు లాక్కున్నారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు గాని నన్నొక్క ప్రశ్నా అడగలేదు. వాళ్లు పిలుచుకునే వరసలతోనే రాస్తున్నాను.

మరిది: వదినా, మూడు వారాలంటే 21 రోజులు. ఆ గదిలో అన్నేళ్లు పనిచేసిన మీరే ఆగుదాం అంటే ఎలా?

వదిన: అక్కడ పనిచేశాను గనకే అంటున్నా. మంట, ఉబ్బరం అంటూ వచ్చినవాళ్లకి గొట్టం వేసి చూస్తే చాలామందిలో ఏమీ కనబడదు. పుండూ ఉండదు, గడ్డా ఉండదు. ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు దాన్ని. జీర్ణాశయం చూపుకి బాగానే ఉంటుంది, దాని కదలికల్లో, నరాల సున్నితత్వంలో తేడా ఉంటుంది. రిపోర్టు బాగుందని చెబితే కొందరు సంతోషించేవాళ్లు. కొందరి మొహం చూస్తే 'అయితే నా బాధ అబద్ధమా?' అన్నట్టుండేది.

మరిది: బాగుందని తెలియడం కూడా లాభమే కదా.

వదిన: అక్కడితో ఆగితే లాభమే. ఆగదు. కడుపు కోసం స్కాన్ తీస్తే ఇంకెక్కడో చిన్న మచ్చ కనబడుతుంది. దానికీ ఈ మంటకీ సంబంధం ఉండదు. కానీ చూశాక వదిలేసే ధైర్యం ఎవరికుంటుంది? ఆర్నెల్లాగి ఇంకో స్కాన్, ఆపైన ఇంకోటి. సీటీ తీసిన ప్రతిసారీ ఒంట్లోకి రేడియేషన్. పెద్దపేగులోకి గొట్టం వేసి చూసే కొలనోస్కోపీలో అరుదుగానైనా పేగుకి చిల్లు పడుతుంది. పరీక్ష అంటే ఉత్త చూపు కాదు నాయనా, అదీ ఒంటి మీద చేసే పనే.

మరిది: సరే, నేనొక కథ చెబుతా. హుడినీ అని ఇంద్రజాలికుడు. సంకెళ్లు వేసి నీళ్లలో దించినా బయటికొచ్చేవాడు. 1926 అక్టోబరులో కడుపునొప్పి, ఒళ్లు కాలిపోయే జ్వరం. అలాగే డెట్రాయిట్‌లో స్టేజీ ఎక్కాడు. ఆపరేషన్ బల్ల మీదికి చేరేసరికి అపెండిక్స్ పగిలిపోయి ఉంది. అక్టోబరు 31న పోయాడు. 52 ఏళ్లు. దానికి 24 ఏళ్ల ముందు, 1902లో, ఇంగ్లండు రాజు ఏడవ ఎడ్వర్డుకీ అదే జబ్బు. రెండ్రోజుల్లో పట్టాభిషేకం పెట్టుకుని జూన్ 24న ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు, మరో ఎనిమిదేళ్లు దాదాపు బతికాడు. ప్రదర్శన ఆపనివాడు పోయాడు, పట్టాభిషేకం ఆపుకున్నవాడు మిగిలాడు.

(వీడీ కథ ఎక్కడో చెప్పడానికి చాన్నాళ్లుగా కాచుకుని ఉన్నాడని నా అనుమానం.)

వదిన: బాగుంది. కానీ రెండూ అపెండిక్స్ కథలే. అది గంటల లెక్కలో నడిచే జబ్బు. మామూలుగా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగుతుంది. నడిచినా దగ్గినా ఆ కుదుపుకి నొప్పి. అలాంటిదానికి రేపటిదాకా ఆగమని నేనెప్పుడన్నాను? పొట్ట చెక్కలా గట్టిపడిపోతే, వాంతిలో రక్తం గాని కాఫీ పొడి లాంటిది గాని పడితే, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకుండా వాంతులవుతుంటే, ఆ రాత్రికి రాత్రే వెళ్లాలి. ఇంకోటి. పైకడుపులో బరువు, దాంతో చెమటలు, ఆయాసం, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే అది కడుపే కాకపోవచ్చు, గుండె. గ్యాసేలే అని పడుకుని లేవనివాళ్లున్నారు.

మరిది: అంటే నొప్పి ఎక్కువైతే పరుగెత్తాలి, తక్కువైతే ఆగాలి. అంతేనా?

వదిన: అంతకాదు. నొప్పిని నమ్మలేం. పేగులో గాలి పట్టేస్తే మనిషి మెలికలు తిరిగిపోతాడు, గంటలో లేచి నవ్వుతూ తిరుగుతాడు. పెద్దపేగు లోపలి గోడ మీద పాలిప్ అని చిన్న కండ పెరిగిందనుకో, అది కేన్సర్‌గా మారడానికి పదేళ్లు పట్టొచ్చు. ఆ పదేళ్లలో ఒక్క పోటు కూడా రాకపోవచ్చు.

మరిది: మీరే అన్నారు! నొప్పి లేకుండా పెరిగేదాన్ని ఆగి చూస్తే ఏం కనబడుతుంది వదినా? చాడ్విక్ బోస్‌మన్ అని హాలీవుడ్ నటుడు. 2016లో పెద్దపేగు కేన్సర్ బయటపడేనాటికే మూడో దశ. 2020 ఆగస్టులో పోయాడు, 43 ఏళ్లు. అన్నయ్యకి 47.

వదిన: ఆ వయసు మాట ఒప్పుకుంటా. అమెరికాలో 2021 నుంచి ఏ లక్షణమూ లేకపోయినా 45 దాటితే పెద్దపేగు పరీక్ష చేయించుకోమని సిఫారసు. ఇంట్లో ఎవరికైనా వచ్చుంటే ఇంకా ముందే. మీ అన్నయ్య అది చేయించుకుంటే నేను వద్దనను. కానీ అది బాధ లేనివాళ్ల సంగతి. పైకడుపులో మంట వచ్చిందని పెద్దపేగు చూపించుకోవడం ఏం లెక్క?

మరిది: సరే, మంట సంగతికే వద్దాం. ఎందుకొచ్చిందంటారు?

వదిన: నెలరోజులుగా ఆఫీసులో గొడవ. ఇంటికొచ్చినా ఫోనే. కడుపుకి మనసు తెలుసు. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనేవాడికి తుపాకీ గుండు తగిలి పొట్టలో మానని రంధ్రం మిగిలిపోయింది. విలియం బోమంట్ అనే డాక్టర్ ఆ రంధ్రంలోంచి ఏళ్ల తరబడి జీర్ణాశయాన్ని చూశాడు. వాడికి కోపమొస్తే అరుగుదల మందగించడం కంటితో చూసి రాశాడు. ట్రైనింగులో విన్నది, ఇప్పటికీ మర్చిపోలేదు.

మరిది: ఆ టెన్షన్ పేరు చెప్పే కదా పుండ్లున్నవాళ్లని ఏళ్లకేళ్లు తిప్పింది! కోపం తగ్గించుకో, కారం మానెయ్ అన్నారు. తీరా చూస్తే అందులో చాలా పుండ్లకి కారణం బ్యాక్టీరియా, హెలికోబ్యాక్టర్ పైలోరి. బారీ మార్షల్ 1984లో ఆ క్రిముల్ని తనే తాగి చూసుకున్నాడు, జీర్ణాశయం వాచింది. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ ఇచ్చారు. టెన్షన్ అని మీరు సరిపెట్టేసిన ప్రతి మనిషి వెనకా ఒక క్రిమి ఉండొచ్చు కదా?

(మా ఆవిడ వాడివైపు కాసేపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చూపు నా మీద పడితే నేను గెలిచిందెప్పుడూ లేదు. ఈసారి ఆమే తల ఊపింది.)

వదిన: ఇది నీకే. ఒప్పుకుంటున్నా. దానికి గొట్టం కూడా అక్కర్లేదు. ఊపిరితోనో మలంతోనో పరీక్ష చేస్తారు, ఉంటే యాంటీబయాటిక్స్ కోర్సు.

మరిది: నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నదీ అదే. డాక్టర్‌ని అడగడం వేరు, గొట్టం వేయించుకోవడం వేరు. మీరు రెంటినీ కట్టగట్టి వద్దంటున్నారు. పైగా అన్నయ్య ఊరికే ఆగడం లేదు, ఎసిడిటీ మాత్ర మింగుతూ ఆగుతున్నాడు. మూసిన మూత తీయకుండా లోపల ఉడుకుతోందా లేదా అని చూస్తానంటే ఎలా?

వదిన: ఆ మాత్ర సంగతి నాకు తెలీదే. ఒమెప్రజోలా? అయితే పరీక్షకి రెండు వారాల ముందు ఆపాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని వస్తుంది.

మరిది: చూశారా, మీకే తెలీదు.

వదిన: ఉండు. ఆగమంటే కళ్లు మూసుకోమని కాదు. నా ఆగడానికి హద్దులున్నాయి. విరేచనాలంటావా, పెద్దవాళ్లకి చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతటవే కడతాయి. చూసుకోవాల్సింది ఒంట్లో నీరు. మూత్రం తగ్గి, నోరెండిపోయి, లేస్తే కళ్లు తిరుగుతుంటే వెళ్లాలి. పసిపిల్లలూ ముసలివాళ్లూ గర్భిణులూ అయితే అంతదాకా కూడా ఆగకూడదు. రోజుకి మూడుసార్లు వెళ్లేవాడూ మామూలే, వారానికి మూడుసార్లు వెళ్లేవాడూ మామూలే. ఎవరి అలవాటు వాళ్లది. ఆ అలవాటు మారి వారాలు గడిచినా తిరిగి రాకపోతే అది కబురు. ముద్ద గొంతులో దిగకపోవడం, పదేపదే వాంతులు, కళ్లు పచ్చబడడం, ఒంట్లో రక్తం తగ్గడం, నిద్రలోంచి లేపేసే బాధ. మలంలో రక్తం పడితే మొలలే అని మన తీర్పు మనం చెప్పేసుకోకూడదు. ప్రయత్నించకుండా బరువు తగ్గడం, అదీ ఆర్నెల్లూ ఏడాదిలో ఒంటి బరువులో వందకి ఐదు వంతులు. 70 కిలోల మనిషికి మూడున్నర కిలోలు. వీటిలో ఏ ఒక్కటున్నా నీకంటే ముందు నేనే లేచేదాన్ని. ఆయనకివేవీ లేవు గనకే రెండు వారాలు చూద్దామంటున్నా.

మరిది: లేవని ఎవరు చెప్పారు?

వదిన: ఇంట్లోనే ఉన్నా కదా, చూస్తున్నా.

మరిది: వాష్‌రూమ్‌లోకి కూడా వెళ్లి చూస్తున్నారా?

(ఇక్కడ నేను నవ్వాలి. నవ్వలేదు. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. అప్పటిదాకా నా కడుపు గురించి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, నాకు పనేముంది అనుకుంటూ హాయిగా కూర్చున్నాను.)

మరిది: అన్నయ్యా?

(బెల్టుకి పోయిన నెలలో కొత్త బెజ్జం పెట్టుకున్నానని చెప్పాను. సన్నబడ్డానని సంతోషించాను కూడా. తర్వాతది చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. భార్య ముందు, తమ్ముడి ముందు చెప్పే మాట కాదు. నొప్పి గురించి అరగంటైనా మాట్లాడొచ్చు గాని దాని రంగు గురించి నోరు పెగలదు. నిన్నటి నుంచి మలం నల్లగా అవుతోందన్నాను.)

వదిన: ఎంత నల్లగా?

(తారులా అన్నాను. జిగటగా, వాసన కూడా వేరుగా.)

వదిన: ఐరన్ మాత్రలేమైనా వేసుకుంటున్నారా? వాటికీ నల్లబడుతుంది.

(లేదన్నాను.)

వదిన: మోకాలికి?

(చెప్పాను. డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర, పొద్దునొకటి, రాత్రొకటి. రెండు నెలల నుంచి. మెట్లు దిగడానికి ఇబ్బందిగా ఉందని. మంట మొదలైంది ఆ తర్వాతేనని చెబుతుంటే నాకే స్ఫురించింది.)

వదిన: లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా?

(పొద్దున ఒకసారి గోడ పట్టుకున్నానన్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూసింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంది. అంకె నాకు చెప్పలేదు.)

మరిది: నేను చెప్పలా వదినా! మొదటి నిమిషం నుంచీ—

వదిన: నువ్వు చెప్పింది మంట గురించి. ఇది ఆ మోకాలి మాత్రలకి పడిన పుండులోంచి కారే రక్తం కావచ్చు. బండి తియ్యి. అపాయింట్‌మెంట్లు కాదు, తిన్నగా ఎమర్జెన్సీకి. ఏమండీ, ఆ మోకాలి మాత్రల అట్ట, ఎసిడిటీ మాత్రల అట్ట రెండూ జేబులో పెట్టుకోండి, వాళ్లు అడుగుతారు. మెల్లిగా లేవండి.

(దాహంగా ఉందని మంచినీళ్ల గ్లాసు కోసం చెయ్యి చాపాను. గంటన్నరగా గొట్టం వద్దని వాదించిన మనిషి ఆ గ్లాసు పక్కకి లాగేసింది.)

వదిన: ఇప్పుడేం తాగకండి. గొట్టం వెయ్యాల్సి రావచ్చు.