కొడికొండ దాటినవాడికి ఇంగ్లిష్ ఎవరు నేర్పాలి?

కెనడాలో శాశ్వత నివాసం (పీఆర్) దొరికిన మనిషికి ఇంగ్లిష్ నేర్పడం అక్కడి ప్రభుత్వం తన పనిగా పెట్టుకుంది. లింక్ అనే ఆ పథకం 1992 నుంచి నడుస్తోంది. ముందుగా ఓ పరీక్ష పెట్టి ఎంత వచ్చో చూస్తారు, దాన్నిబట్టి తరగతి కేటాయిస్తారు. ఫీజు ఉండదు. తల్లులు పాఠం వింటున్నంతసేపు చంటిపిల్లల్ని చూసుకునే ఏర్పాటు కూడా కొన్ని కేంద్రాల్లో ఉంది. ఆస్ట్రేలియా అయితే 1948లోనే ఈ పని మొదలుపెట్టింది. మనిషికి 510 గంటలని ఉండే పరిమితిని 2021లో తీసేసి, ఉద్యోగానికి సరిపడా ఇంగ్లిష్ వచ్చేదాకా నేర్చుకోమంది. (చదువుకోవడానికో, తాత్కాలిక వర్క్ పర్మిట్ మీదో కెనడా వెళ్లిన మన పిల్లలకు లింక్ వర్తించదు. పీఆర్ వచ్చాకే వర్తిస్తుంది.) ఇదేమీ దానధర్మం కాదు. మాట రాని మనిషి ఎంత నైపుణ్యం ఉన్నా చిన్న పనిలోనే ఉండిపోతాడని, దానివల్ల నష్టం దేశానికీ ఉంటుందని వాళ్లు లెక్క వేసుకున్నారు.

మరి హిందూపురంలోనో కదిరిలోనో బస్సెక్కి, ఆంధ్ర-కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటి బెంగళూరులో దిగినవాడి సంగతేమిటి? దేశం మారలేదు కాబట్టి కాగితాల మీద వాడికి సమస్యే లేదు. కానీ వీధి భాష మారింది, ఇంటర్వ్యూ భాష మారింది, సూపర్‌వైజర్ వాట్సాప్‌లో పెట్టే మెసేజ్ భాష మారింది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రయాణ ఖర్చు, వసతి, వైద్యం గురించి రాసింది. భాష నేర్పే ఊసు లేదు. ఇప్పుడా చట్టం కార్మిక కోడ్‌లో కలిసిపోయింది, అక్కడా లేదు. కాబట్టి వాడు చేసేదొకటే. మారతహళ్లి వంతెన చుట్టుపక్కల గోడలకు, కరెంటు స్తంభాలకు అంటించిన స్పోకెన్ ఇంగ్లిష్ ప్రకటనల్లోంచి ఒక నంబరుకు ఫోన్ కొట్టడం.

ఇక్కడే నాకు అభ్యంతరం. ఊరు విడిచి పనికి వచ్చిన మనిషికి ఇంగ్లిష్ నేర్పడం ప్రభుత్వం బాధ్యత. దాన్ని పూర్తిగా కోచింగ్ సెంటర్లకు వదిలేయడం వల్ల ఆ మనిషి డబ్బు పోతోంది, ఇంగ్లిష్ మాత్రం రావడం లేదు.

అందరికీ ఇంగ్లిష్ కావాలని నేననను. సెంట్రింగ్ పనికి వచ్చిన పాలమూరు కూలీకి మేస్త్రీ తెలుగువాడే, పక్కన ఇటుకలు మోసేవాడూ తెలుగువాడే. కావాల్సింది ఆ పైమెట్టు మీద ఉన్నవాళ్లకు. తెలుగు మీడియంలో డిగ్రీ చదివి మాల్‌లో సేల్స్ ఉద్యోగానికి వచ్చిన అమ్మాయికి, జిల్లా ఆసుపత్రిలో అనుభవం ఉండి ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రి ఇంటర్వ్యూలో నోరు పెగలని నర్సుకు, డెలివరీ కుర్రాడికి, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీలో ఏళ్ల తరబడి గేటు దగ్గరే ఉండిపోయినవాడికి. పని వీళ్లందరికీ వచ్చు. పని వచ్చని చెప్పుకోవడం రాదు.

ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఏం జరుగుతుందో బెంగళూరులో ఉండేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. డెమో క్లాసు ఉచితం అంటారు. వెళ్తే కౌన్సెలర్ దగ్గర కూర్చోబెడతారు. చక్కటి తెలుగులో, మన యాసలోనే మాట్లాడతాడు. ఇంగ్లిష్‌ను తెలుగులో అమ్మే విద్య అతనికి బాగా తెలుసు. ‘ఈ రోజే కడితే తగ్గింపు, రేపైతే నా చేతుల్లో లేదు బ్రో’ అంటాడు. చేతిలో అంత డబ్బు లేదంటే అప్పు ఇచ్చే యాప్ కూడా అతనే చూపిస్తాడు. మొదటి జీతం ఇంకా రాకముందే ఈఎంఐ మొదలవుతుంది.

ఆ తర్వాత షిఫ్టు మారుతుంది.

ఈ వ్యాపారం గుట్టంతా అందులోనే ఉంది. సాయంత్రం ఏడింటి బ్యాచ్‌లో చేరినవాడికి రెండో నెలలో నైట్ షిఫ్టు వేస్తారు. లేదా మనిషిని వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి మారుస్తారు, ఆ ట్రాఫిక్‌లో పని ముగించుకుని క్లాసుకు చేరడం కలలోని మాట. క్లాసు మానేస్తాడు. ఫీజు ముందే కట్టాడు కాబట్టి సంస్థకు వచ్చే నష్టమేమీ లేదు. పైగా కుర్చీ ఖాళీ అయింది, అందులో ఇంకొకర్ని కూర్చోబెట్టవచ్చు. బడికి పిల్లాడు రాకపోతే టీచరు కబురు పెడుతుంది. ఇక్కడ మనిషి రాకపోతేనే లాభం. ముందే మొత్తం ఫీజు కట్టించుకునే పద్ధతి ఉన్నంతకాలం, నేర్పాలన్న తొందర నేర్పేవాడికి ఉండదు. పాఠం బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. కదిరి దగ్గరి మా బంధువుల అబ్బాయి ఒకడు ఇలాగే సగంలో ఆగిపోయి డబ్బు వెనక్కి అడిగితే, రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్న షరతు చూపించారట. ఆ షరతు ఇంగ్లిష్‌లో ఉంది.

కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేసిన విద్యార్థికి మిగిలిన కాలం ఫీజు 10 రోజుల్లో తిరిగి ఇవ్వాలని అందులో ఉంది. మంచి మాటే. కానీ అవి ఇంజినీరింగ్, మెడిసిన్ ఎంట్రన్స్ పిల్లలను మనసులో పెట్టుకుని రాసినవి, పైగా రాష్ట్రాలు అమలు చేస్తేనే పనికొచ్చేవి. సెక్యూరిటీ గార్డు రీఫండ్ కోసం ఎవరు కొట్లాడతారు? పన్ను దగ్గరైతే ప్రభుత్వానికి ఈ గార్డు బాగానే గుర్తుంటాడు. గుర్తింపు ఉన్న కాలేజీ ఫీజు మీద జీఎస్టీ లేదు, రిజిస్టర్ అయిన కోచింగ్ సంస్థ ఫీజు మీద 18 శాతం ఉంది. అంటే ₹10,000 ఫీజుకు ₹1,800 పన్ను. కాలేజీకి వెళ్లే వయసు దాటి, సొంత డబ్బుతో నేర్చుకుంటున్నవాడి మీద ఈ వడ్డింపు. ఒట్టావా ప్రభుత్వం ఎదురు ఖర్చు పెట్టి నేర్పే చదువుకు మనం పన్ను వసూలు చేస్తున్నాం.

‘ఫోన్‌లో ఉచిత వీడియోలు బోలెడున్నాయి కదా’ అనేవాళ్లున్నారు. ‘బెంగళూరుకు వచ్చి ఇంగ్లిష్ ఏమిటి, ముందు కన్నడ నేర్చుకోండి’ అనేవాళ్లూ ఉన్నారు. రెండో మాటతో నాకు పేచీ లేదు. ఈ నగరంలో బతకాలంటే కన్నడ రావాల్సిందే, తెలుగువాడికి ఆ లిపి వారం రోజుల్లో పట్టుబడుతుంది. రెండూ ఒకే చోట నేర్పితే సరి. మొదటి మాట మాత్రం భాష ఎప్పుడూ కష్టపడి నేర్చుకోనివాళ్లు చెప్పే మాట. వీడియో మాట్లాడుతుంది, మన మాట వినదు. మాట్లాడటం రావాలంటే తప్పు మాట్లాడినా నవ్వకుండా వినే మనిషి ఎదురుగా ఉండాలి.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు జవాబు కర్ణాటక చేతిలోనే ఉంది. 1996 చట్టాలతో మొదలైన ఏర్పాటు కింద భవన నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కార్మిక సంక్షేమ బోర్డుకు చేరుతుంది. ఈ సెస్సు నిధులు ఖర్చు చేయకుండా పెట్టుకున్నందుకు సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రాలను గట్టిగానే మందలించింది. 2025లో కర్ణాటక తెచ్చిన గిగ్ వర్కర్ల చట్టం ప్రకారం డెలివరీ, క్యాబ్ కంపెనీల నుంచి 1 నుంచి 5 శాతం వరకు సంక్షేమ రుసుము వసూలు చేయవచ్చు. కూలీ పిల్లల స్కాలర్‌షిప్‌కు సాయం చేసే బోర్డు, ఆ కూలీయే చదువుకుంటానంటే ఎందుకు చేయకూడదు? చోటుకూ కొరత లేదు, ప్రభుత్వ బడులు సాయంత్రం నాలుగున్నర తర్వాత ఖాళీయే. ఇక పాఠాలు రాయడానికి బెంగళూరు విశ్వవిద్యాలయం జ్ఞానభారతి క్యాంపస్‌లో 1963లో పుట్టిన ప్రాంతీయ ఆంగ్ల సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల బడి టీచర్లకు ఇంగ్లిష్ బోధనలో శిక్షణ ఇచ్చేది అదే. ఆసుపత్రి కౌంటర్, డెలివరీ గేటు, షాపు బిల్లు చుట్టూ ఓ చిన్న పాఠ్యక్రమం రాయడం వాళ్లకో లెక్క కాదు.

సగం ఖర్చు మన రాష్ట్రాలు పెట్టాలని కూడా అంటాను. సముద్రం దాటే తెలుగువాడి కోసం ఆంధ్రప్రదేశ్‌కు ప్రవాసాంధ్రుల సొసైటీ ఉంది. తెలంగాణకు విదేశాలకు పనివాళ్లను పంపే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, అది నర్సులకు జర్మన్, జపనీస్ కూడా నేర్పించి పంపుతోంది. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద తెలంగాణ ఒక విద్యార్థికి ₹20 లక్షల వరకు ఇస్తుంది. ఇవ్వాలి, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ నెలకు ₹20 వేల గౌరవ వేతనం అనుకుంటే అదే సొమ్ముతో రాత్రి బడిలో ఎనిమిది మంది టీచర్లు ఏడాది పొడవునా పాఠం చెప్పగలరు. చెక్‌పోస్టు దాటినవాడు మన లెక్కల్లోనే లేడు. ఓటుకు మాత్రం పండక్కి పిలిచినట్టు బస్సు పెట్టి పిలుస్తాం.

అసలు పెద్దవాళ్లు కూడా నేర్చుకుంటారన్న సంగతే మన రాజకీయం మర్చిపోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం జీవో వచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు టీవీల్లో ఎంత రచ్చ జరిగిందో అందరూ చూశారు. రెండు పక్షాలూ మాట్లాడింది పిల్లల గురించే. అప్పటికే తెలుగు మీడియంలో చదివేసి బయటపడ్డవాళ్ల గురించి ఒక్కరూ నోరెత్తలేదు. కేంద్రం 2022లో ₹1,037.90 కోట్లతో తెచ్చిన నవభారత సాక్షరతా పథకం పదిహేనేళ్లు దాటినవాళ్ల కోసమే అయినా, దాని చూపంతా ఇంకా అక్షరాలు రానివాళ్ల మీదే.

ఒకప్పుడు ఇలా లేదు. జాతీయ అక్షరాస్యతా మిషన్ 1988లో మొదలయ్యాక నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు ఊరూరా నడిచాయి. పొలం పనులు ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు అక్కడ కూర్చుని అక్షరాలు దిద్దారు, పాఠంలోని సారా కథను తమ ఇంటి కథతో పోల్చి చూసుకున్నారు. 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పలక పట్టుకున్న కొందరు ఆడవాళ్లు ఖజానాకు అంత ఆదాయం తెచ్చే సరుకును ఆపించారు. ఆ తర్వాత రాత్రి బడుల మీద ఏ ప్రభుత్వానికీ పెద్దగా ఉత్సాహం కనబడలేదు. ఎందుకో నాకొక అనుమానం ఉంది. పెద్దవాళ్లు రోజూ సాయంత్రం ఒకచోట కూర్చుని చదువుకుంటే, చదువు దగ్గరే ఆగరు.

బెంగళూరులో ఇప్పుడు లేనిది ఆ కూర్చునే చోటే. కోచింగ్ సెంటర్‌లో పక్కపక్కనే ఉన్న ఇరవై మందీ ఎవరి ఈఎంఐ వాళ్లు లెక్కేసుకుంటారు. ప్రభుత్వ బడి వరండాలో సెక్యూరిటీ గార్డు, డెలివరీ కుర్రాడు, నర్సు కలిసి ‘నాకు ఓవర్‌టైమ్ డబ్బు రాలేదు’ అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లోనూ కన్నడలోనూ దిద్దుకుంటుంటే, ఎవరెవరికి రాలేదో కూడా తెలుస్తుంది. పీఎఫ్ ఎవరికి కోస్తున్నారు, కోసింది కడుతున్నారా అన్నదీ తెలుస్తుంది. అందుకే ఈ ప్రతిపాదన కంపెనీలకు నచ్చకపోవచ్చు. నాకు నచ్చిందీ అందుకే.

కోచింగ్ సెంటర్లవాళ్లు తమ పొట్ట కొడుతున్నారంటారు. వాళ్లలో మనవాళ్లే చాలామంది, పాఠం బాగా చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లను తరిమేయక్కర్లేదు. సంక్షేమ బోర్డు ఈ సెంటర్లవాళ్లనూ పిలిచి, మనిషి కూర్చున్న ప్రతి గంటకు ఇంత అని హాజరు పట్టీ చూసి నెలాఖరున డబ్బు కట్టవచ్చు. విద్యార్థి దగ్గర ముందస్తు ఫీజు తీసుకోవడానికి మాత్రం వీల్లేదనాలి. వచ్చినవాడికే డబ్బు అని తెలిస్తే, షిఫ్టు మారి రెండు రోజులుగా కనబడని కుర్రాడికి ఆ కౌన్సెలరే ఫోన్ చేసి, ఆదివారం పొద్దున బ్యాచ్‌లో సీటుందని చెబుతాడు.