మహారాజశ్రీ ఎన్ వాల్యూ గారికి

మహారాజశ్రీ ఎన్ వాల్యూ గారి దివ్యసముఖానికి, తమరి పేరు చెప్పుకుని పిహెచ్‌డీ సంపాదించుకున్న ఒక జియోటెక్నికల్ రీసెర్చర్ చేసుకొనే విన్నపాలు. ఉభయకుశలోపరి. ఉభయ అంటే తమరూ, నేనూ. మనిద్దరి కింద ఉన్న నేల సంగతి మాత్రం నాకు తెలియదు. అది తమరు చెబితేనే నాకు తెలియాలి. తమరికి ఎవరు చెప్పారన్నదే ఈ ఉత్తరం.

ఇది బహిరంగ లేఖ కాబట్టి తమరిని ఎరగని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. భవనమో వంతెనో డ్యామో కట్టేముందు నేలలో బోరు వేస్తారు. మధ్య మధ్య ఆగి, రాడ్ల చివర ఒక ఉక్కు గొట్టం బిగించి దించుతారు. నిలువునా రెండు బద్దలుగా విడిపోతుంది కాబట్టి దాన్ని స్ప్లిట్ స్పూన్ అంటారు. పైన 63.5 కిలోల హ్యామర్‌ని 760 మిల్లీమీటర్లు ఎత్తి వదులుతారు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ వదులుతారు. గొట్టం 450 మిల్లీమీటర్లు దిగాలి. మొదటి 150 దిగడానికి పడ్డ దెబ్బలు లెక్కలోకి రావు, బోరు అడుగున కదిలిపోయిన మట్టి ఖాతాలో పోతాయి. మిగతా 300 దిగడానికి ఎన్ని దెబ్బలు పడితే అన్నీ కలిపి తమరు. అంతే. ఒక పూర్ణసంఖ్య. ఒకటీ రెండూ వచ్చిన వాళ్ళెవరైనా తమరికి జన్మనివ్వగలరు.

దెబ్బకు దెయ్యం దిగుతుందంటారు. మా శాస్త్రంలో దెబ్బకు దిగనిది లేదు. ఇసుక ఎంత గట్టిగా కూరుకుని ఉందో తమరే చెప్పాలి. దాని ఘర్షణ కోణం తమరే చెప్పాలి. పునాది ఎంత బరువు మోస్తుంది, ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతుంది, పైల్ అనే పునాది స్తంభం ఎంత లోతుకు వెళ్ళాలి, భూకంపం వస్తే ఇసుక నీళ్ళలా మారుతుందా... అన్నిటికీ తమరి గుమ్మమే. ఆఖరికి బంకమట్టి బలం కూడా తమరినే అడుగుతాం. బంకమట్టి విషయంలో తమరి మాట నమ్మడానికి లేదని పాఠం చెప్పిన రోజు మధ్యాహ్నమే అడుగుతాం.

తమరి వంశవృక్షం చూశాను. 1902 ప్రాంతంలో చార్లెస్ గౌ అనే బోస్టన్ కాంట్రాక్టర్ బోరులోకి ఒక అంగుళం గొట్టం దిగ్గొట్టి మట్టి నమూనా తీయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా బోరులోంచి నీళ్ళతో కొట్టుకొచ్చిన బురద చూసి అడుగున ఏముందో ఊహించేవాళ్ళు. 1920ల చివరికి గొట్టం రెండు అంగుళాలైంది, హ్యామర్ 140 పౌన్లైంది, ఎత్తు 30 అంగుళాలైంది. నేటి 63.5 కిలోలూ, 760 మిల్లీమీటర్లూ అవే, చొక్కా మార్చుకున్నాయి. 1948లో మా నేల ఇంజనీరింగ్ పెద్దలు టెర్జాగీ, పెక్ తమ పుస్తకంలో తమరికి పట్టికలు కట్టి సింహాసనం వేశారు. అంతకు ఏడాది ముందే టెర్జాగీ ఈ పరీక్షకు 'స్టాండర్డ్' అని పేరు పెట్టాడు.

స్టాండర్డ్! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

హ్యామర్ ఆ ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడితే సుమారు 473 జౌల్స్ శక్తి రావాలి. అందులో రాడ్లలోకి చేరేది ఎంత? తాడును తిరిగే డ్రమ్ముకు చుట్టి, చేత్తో లాగి వదిలే పాతకాలపు డోనట్ హ్యామర్ అయితే సుమారు 45 శాతం. ఆటోమేటిక్ హ్యామర్ అయితే 80 దాకా. తాడు రెండు చుట్లు చుట్టారా మూడు చుట్లా, తాడు కొత్తదా పాతదా, తడిసిందా, లాగేవాడు 760 మిల్లీమీటర్లు అనుకుని కంటి అంచనాతో ఎంత ఎత్తాడు... వీటన్నిటినీ బట్టి తమరు మారిపోతారు. శక్తి తగ్గితే దెబ్బలు పెరుగుతాయి, పెరిగితే తగ్గుతాయి. 1979లో ష్మెర్ట్‌మన్, పలాసియోస్ కొలిచి మరీ చెప్పారు. అంటే ఒకే నేల, ఒకే లోతు. ఒక హ్యామర్‌తో తమరు 16, ఇంకో హ్యామర్‌తో 9. పట్టికలో చూస్తే 16 అంటే ఓ మోస్తరు గట్టి ఇసుక, 9 అంటే వదులు ఇసుక. ఇసుక పాపం ఉన్నచోటే ఉంది.

దీనికి మేం కనిపెట్టిన విరుగుడు బిరుదులివ్వడం. హ్యామర్ శక్తిని 60 శాతానికి సర్దితే తమరు 'ఎన్ 60'. పైనున్న మట్టి బరువుకు సర్దితే 'ఎన్ 1, 60'. సన్నటి మట్టి పాలుకు కూడా సర్దితే దాని పక్కన 'సీఎస్'. మధ్యలో రాడ్ పొడవుకొకటి, బోరు వ్యాసానికొకటి, స్పూన్ లోపలి లైనర్‌కొకటి. సన్మాన పత్రం మీద పండితుడి పేరులా తయారయ్యారు. అసలు హ్యామర్ శక్తిని కొలిచే పరికరం రాడ్‌కి బిగించవచ్చు, అలాంటివి ఉన్నాయి. చాలా సైట్లలో బిగించరు. 'బహుశా 60 ఉంటుంది' అనుకుని ఆ బహుశాను రెండు దశాంశ స్థానాల వరకు గుణిస్తాం.

ఇక నా సొంత నేరం చెప్పుకోవాలి. నా థీసిస్ తమరికీ, షియర్ వేవ్ (తను వెళ్ళే దిశకు అడ్డంగా నేలను ఊపే తరంగం) వేగానికీ సంబంధం కలపడం. భూకంపం వచ్చినప్పుడు నేల ఎంత ఊపుతుందో తెలియాలంటే ఆ వేగం కావాలి. దాన్ని బోరులో నేరుగా కొలవచ్చు, బోరు లేకుండా నేలమీద జియోఫోన్లు (నేల కంపనాన్ని పట్టే పరికరాలు) పరిచీ కొలవచ్చు. మేం చేసేదేమిటంటే, దాన్ని అలా నేరుగా కొలిచి, పక్కన తమరిని నిలబెట్టి, ఇద్దరికీ ముడివేసి, 'ఇకపై కొలవనక్కర్లేదు, ఎన్ ఉంటే చాలు' అని పేపర్ రాస్తాం. ప్రపంచంలో ఇలాంటి సమీకరణాలు కోకొల్లలు. జపాన్ డేటాతో ఇమై, టోనౌచి 1982లో ఇచ్చినది బాగా వాడుకలో ఉంది: వేగం ఈజ్ ఈక్వల్ టు 97 ఇంటూ ఎన్ ఘాతం 0.314. మూడు దశాంశాలు గమనించగలరు. చేతి లెక్కకు పుట్టిన సంఖ్య మీద మూడు దశాంశాల ఘాతం.

ఈ గ్రాఫులెప్పుడూ లాగ్-లాగ్ కాగితం (రెండు వైపులా లాగరిథమ్ కొలతలున్నది) మీదే గీస్తాం. మామూలు కాగితం మీద చెదిరిన గొర్రెల్లా ఉన్న పాయింట్లు లాగ్-లాగ్ మీద బుద్ధిగా మందలా కనిపిస్తాయి. ఒక్క చిక్కుంది. మెత్తటి బంకలో రాడ్లు తమ బరువుకే దిగిపోయిన చోట తమరు సున్నా. సున్నాను ఆ సమీకరణంలో వేస్తే వేగం సున్నా. షియర్ వేవ్ అస్సలు పోనిది నీళ్ళలోంచి కదా, అంటే నేను తవ్విన నేల నీళ్ళన్నమాట. పోనీ గ్రాఫులో చూపిద్దామంటే లాగ్ గీతల మీద సున్నాకు చోటే లేదు. ఆ పాయింట్లను మర్యాదగా బయట కూర్చోబెట్టాను. ఇంకో చివర, గులకరాయి వచ్చి 35 మిల్లీమీటర్ల స్పూన్ నోటికి అడ్డం పడితే తమరు ఒక్కసారిగా 50 దాటేస్తారు, బోరు వివరాలు రాసే లాగ్ షీట్‌లో 'రెఫ్యూజల్', అంటే ఇక దిగనంది, అని పడుతుంది. వాటినీ తీసేశాను. ఆ మిగిలినవాటికి ఫిట్ అద్భుతంగా వచ్చింది.

రెండేళ్ళు ఇలా తమరితో కాపురం చేశాక, ఒకరోజు బుద్ధి పుట్టి సైట్‌కి వెళ్ళాను. అప్పటిదాకా తమరిని ఎక్సెల్ షీట్‌లోనే చూశాను.

ముక్కాలి స్టాండు, కప్పీ, తాడు. సన్నగా జల్లు. రాడ్ మీద సుద్దముక్కతో మూడు గీతలు, ఒక్కోటీ 150 మిల్లీమీటర్ల దూరంలో. తడికి సుద్ద కారిపోతుంటే ఒకతను బొటనవేలితో ఆ గీత ఉండాల్సిన చోట అదిమి పట్టుకున్నాడు. హ్యామర్ పడేముందు వేలు తీస్తాడు, పడ్డాక మళ్ళీ పెడతాడు. పెట్టిన ప్రతిసారీ కాస్త కిందికో పైకో. ఇద్దరు తాడు లాగుతున్నారు. లెక్కపెట్టేవాడు డ్రిల్లరే. బురద చేతులతో రాయలేడు కాబట్టి నోటితో లెక్కపెడుతున్నాడు. రెండో గీత దాటాక అతని జేబులో ఫోన్ మోగింది. తీయలేదు, కానీ ఎవరా అని ఒకసారి తల వంచి చూశాడు. ఆ చూపులో ఒక దెబ్బ పడింది. పడిందనే అనుకుంటున్నాను. నేనూ ఫోన్ వైపే చూశాను.

"ఏడా, ఎనిమిదా?" అన్నాను.

అతను నా మొహం చూశాడు, నా కొత్త హెల్మెట్ చూశాడు, జాలిపడ్డట్టున్నాడు. "ఎనిమిది రాసుకోండి సార్" అన్నాడు.

రాసుకున్నాను. రాత్రి కూర్చుని లెక్కకట్టాను. ఏడు అయితే సెకనుకు 179 మీటర్లు, ఎనిమిదైతే 186. భూకంప డిజైన్ కోడ్‌లు చాలావాటిలో 180 దగ్గర ఒక గీత ఉంది. అటు పడితే మెత్తటి నేల, ఇటు పడితే ఒక మెట్టు మెరుగు. ఆ 180 చూసేది పై 30 మీటర్ల సగటుకే, ఒక్క లోతుకు కాదు నిజమే. కానీ మిగతా లోతుల దగ్గర మాత్రం ఫోన్ మోగలేదని ఎవరు చెప్పొచ్చారు?

ఈమధ్య మా వాళ్ళు తమరిని న్యూరల్ నెట్‌వర్క్‌లకు మేపుతున్నారు. వేల కొద్దీ పాత బోర్ లాగ్‌లు పోసి, బోరు వేయని చోట తమరు ఎంత ఉంటారో జోస్యం చెప్పిస్తున్నారు. తాడు తడిసిందని ఏ లాగ్ షీట్‌లోనూ గడి లేదు కాబట్టి ఆ సంగతి నెట్‌వర్క్‌కి తెలియదు. అయినా జోస్యం బాగానే కలుస్తోంది. దేంతో కలుస్తోందంటే, మళ్ళీ తమరితోనే.

కోపంలో ఉన్నా అబద్ధం ఆడను. తమరు పనికొస్తారు. అదే నా బాధ. 1964లో మార్చిలో అలాస్కా, జూన్‌లో జపాన్‌లోని నీగాటా కంపించాయి. నీగాటాలో అపార్ట్‌మెంట్ భవనాలు పగలకుండా, విరగకుండా, ఇసుక ద్రవమైపోవడంతో అలాగే పక్కకు ఒరిగాయి. ఒకటైతే దాదాపు పడుకుంది. ఎక్కడ ఇసుక ద్రవమైంది, ఎక్కడ కాలేదు అని చూస్తూ పోతే, చేతిలో ఉన్న ఆధారం తమరే. తమరు తక్కువున్న చోట ముప్పు, ఎక్కువున్న చోట క్షేమం. ఇసుక ద్రవమవుతుందో లేదో తేల్చడానికి 1971లో సీడ్, ఇద్రిస్ ఇచ్చిన సులభ పద్ధతి ఆ తర్వాత తమరిని ఆధారం చేసుకునే పెరిగింది, ఇంకా నడుస్తోంది. తమరికి పోటీగా, నేలలోకి నెట్టే డచ్చివాళ్ళ కోన్ ఉంది, సెకనుకు రెండు సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతూ ప్రతి అంగుళానికీ కబురు చెబుతుంది. కానీ మామూలుగా మట్టిని పైకి తేదు. తమరి స్పూన్ విప్పితే కనీసం ఆ లోతులో ఏముందో చేత్తో పట్టుకుని నలిపి చూడొచ్చు. ఆ రోజు నేను నలిపాను. సన్నటి బూడిదరంగు ఇసుక, మధ్యలో వేలి మందాన బంక పొర. ఆ పొర నా రెండేళ్ళ డేటాలో ఎక్కడా లేదు.

కాబట్టి తమరిని దిగిపొమ్మని అడగను. కొత్త బిరుదులు మాత్రం కొన్నాళ్ళు పుచ్చుకోకండి. తమరి మీద పేపర్ రాసేవాడు ఒక్క రోజైనా ఆ తాడు లాగాలని నియమం పెట్టించండి. నేను అడిగితే లాగనిచ్చారు. పదకొండో దెబ్బకు నా ఎత్తు 760 నుంచి ఎంతకు పడిపోయిందో డ్రిల్లర్ చెప్పలేదు. నవ్వాడు.

చిత్తగించవలెను.

ఇట్లు
తమరి మీద బతుకుతున్న
ఒక రీసెర్చర్

తా.క.: మా కొత్త పేపర్‌కి రివ్యూ వచ్చింది. "మీ డేటాలో ఎనిమిది అనే విలువ అసాధారణంగా ఎక్కువసార్లు కనిపిస్తోంది, కారణం వివరించండి" అన్నారు. "స్థానిక భూగర్భ పరిస్థితుల ప్రభావం" అని రాసి పంపాం. ఒప్పుకున్నారు.