పనస చెక్క పలకదన్నదెవరు?

డిసెంబరు కచేరీల కాలం రాగానే చెన్నై తెలుగువాళ్ళ వాట్సాప్‌లలో ఒక సందేశం మళ్ళీ తిరుగుతోంది. మన చెట్ల కలపతో తంతివాద్యం చేస్తే డబ్బా మోగినట్టే ఉంటుందట. గిటారు నాదమంతా వెనక పలకకు వాడే ఖరీదైన విదేశీ కలపలోనే ఉందట. ఇక్కడి కలప మన వాతావరణానికి పగిలిపోతుందట. ఇంట్లో సరదాకు చిత్రిక పట్టేవాణ్ణి, ఊరుకోలేకపోయాను.

డబ్బా సంగతి మొదట. మైలాపూరులో ఏ వీణ కచేరీకైనా వెళ్ళండి, వేదిక మీద మోగేది పనస చెక్కే. తంజావూరు వీణకు పణ్రుట్టి వైపు పనస వాడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే దుంగను తొలిచి వీణ చేస్తారు. గిటారు, వయొలిన్ల పై పలక మాట వేరు, ఒప్పుకుంటాను. చలిదేశాల్లో పెరిగే స్ప్రూస్ చెట్టు కలప తేలికగా ఉండి కూడా బిగువుగా ఉంటుంది, నేనూ అదే వాడతాను. ఆ ఒక్క పలకను చూపించి మిగతా వాద్యమంతా పనికిరాదంటే ఎలా?

వెనక పలక గొప్పదనానికి 1862లోనే జవాబు వచ్చింది. స్పెయిన్‌లో టోరెస్ అనే పనివాడు వెనకా పక్కలా అట్టతో గిటారు చేసి చూపించాడు. 2018లో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వెనక కలప మాత్రమే మార్చిన ఆరు గిటార్లను, కలప కనిపించకుండా, 52 మంది వాద్యకారుల చేత వాయింపజేసింది. ఖరీదైన కలప మేలని తేలలేదు. అన్నట్టు, వెనక పలకకు వాడే ఖరీదైన కలపల్లో రోజ్‌వుడ్ ఒకటి, అందులో పేరున్న రకం మన జిట్రేగి చెట్టుదే. ఓడెక్కి వెళ్ళి గిటారై తిరిగొస్తే విదేశీ అయిపోతుంది!

ఇక పగుళ్ళు. నెల్లూరు నుంచి తెచ్చిన పచ్చి పనస పలకను మే నెలలో డాబా మీద ఎండబెట్టాను. పసుపులా మెరిసే చేవ. నాలుగో రోజుకు చివరి నుంచి జానెడు చీలింది. తప్పు చెట్టుది కాదు, నాది. కొసల్లో తేమ ముందు పోతుంది, నడుమ పచ్చిగానే ఉంటుంది, అందుకే చీలుతుంది. దిగుమతి పలకకు మాత్రం మినహాయింపేముంది? పొడి ప్రదేశంలో ఆరినది ఇక్కడి తేమకు ఉబ్బుతుంది, సభలోని ఏసీకి మళ్ళీ ముడుచుకుంటుంది.

రెండో పలక ఇప్పుడు మంచం కింద నీడలో ఉంది. కొసలకు మైనం పూసి, సుద్దముక్కతో తేదీ వేశాను. అంగుళం మందానికి ఏడాది ఆరనివ్వాలంటారు. దానిది రెండంగుళాలు.