ఆ పిటిషన్ మీద నేనెందుకు సంతకం పెట్టలేదంటే

పోయిన నెల ఇక్కడ టెక్సస్‌లో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పిటిషన్ తిరిగింది. ట్రైల్ వెనక క్రీక్‌లో ఉంటున్న కయోటీలన్నిటినీ (తోడేలు జాతికి చెందిన, నక్కలాంటి అడవి జంతువులు) పట్టించి తీసుకెళ్ళిపోవాలని సిటీకి రాసిన పిటిషన్. రెండు రోజుల్లోనే బోలెడంతమంది సంతకాలు పెట్టారు, అందులో సగానికి పైగా మన తెలుగువాళ్ళే. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు, ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను.

ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా పక్క వీధిలో ఒక తెలుగు కుటుంబం పొద్దున్నే ఆరింటికి వాళ్ళ చిన్న కుక్కని బ్యాక్‌యార్డ్‌లోకి వదిలి, లోపలికెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చేలోపు అంతా అయిపోయింది. నేను వెళ్ళేసరికి ఫెన్స్ వారన గడ్డిలో దాని మెడపట్టీ పడి ఉంది. పట్టీకి కట్టిన చిన్న గంట ఊడిపోలేదు. వాళ్ళబ్బాయికి తొమ్మిదేళ్ళు, ఆ పట్టీ తీసి చేతిలో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంటే, ఎవరు పిలిచినా పలకలేదు. గంట మోగకుండా గుప్పిట్లో నొక్కి పట్టుకున్నాడు. ఆ పిల్లాణ్ణి చూశాక "ప్రకృతి అంటే అంతే" అని చేతులు దులుపుకునేంత రాతిగుండె నాకు లేదు.

మనుషుల భయం కూడా ఉత్తది కాదు. 2018 చివర్లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఎల్డొరాడో పార్క్‌వే చుట్టుపక్కల వరసగా కొన్ని వారాలపాటు కయోటీలు మనుషుల మీద పడ్డాయి, పొద్దున్నే జాగింగ్‌కి వెళ్ళినవాళ్ళని కరిచాయి. అప్పుడు మన వాళ్ళెందరో వాకింగ్‌కి వెళ్ళడమే మానేశారు. 2022 మే నెలలో డాలస్‌లో రెండేళ్ళ పిల్లాడు ఇంటి ముందు వరండాలో ఉండగా కయోటీ వచ్చి కరిచి తీవ్రంగా గాయపరిచింది. ఇలాంటివి అరుదు. అమెరికా, కెనడా రెండూ కలిపి కయోటీల వల్ల మనుషులు చనిపోయిన సంఘటనలు నమోదైనవి రెండే, 1981లో కాలిఫోర్నియాలో ఒకటి, 2009లో కెనడా నోవాస్కోషియాలో ఒకటి. కానీ అరుదు అన్న మాట ఆ తల్లికి చెప్పగలమా?

అయితే ఆ డాలస్ సంఘటనలో తర్వాత బయటపడిన విషయం ఒకటుంది. ఆ వీధిలో కొందరు అంతకు ముందు నుంచీ ఆ కయోటీకి తిండి పెడుతున్నారు, దగ్గరికి రానిచ్చి ముట్టుకున్నారు కూడా. మనుషులంటే బెరుకు పోయిన జంతువు అది. ఆ బెరుకు పోగొట్టింది మనుషులే.

ఇక్కడే మా ఇంటి విషయం చెప్పాలి. మా అమ్మ ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం భోజనాలయ్యాక మిగిలిన అన్నం, పప్పు కలిపి ముద్ద చేసి వెనక ఫెన్స్ దగ్గర పెడుతుంది. ఊళ్ళో కాకులకి పెట్టిన అలవాటు. ఇక్కడ కాకులు తినకపోతే ఉడతలైనా తింటాయి, పారేసే అన్నం ఏదో ఒక ప్రాణికి పోతుంది కదా అంటుంది. మనలో ఎంతమంది ఇళ్ళల్లో అమ్మలు, అత్తయ్యలు ఇలా పెడుతున్నారో మీకు తెలీదా? ఆ అన్నానికి ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం కయోటీ వస్తుంది, తర్వాత అన్నం కోసమే వస్తుంది. ఒకరోజు సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే అది వచ్చింది. మన నక్క కన్నా కొంచెం పెద్దది, తోడేలు కన్నా బాగా చిన్నది, బూడిద రంగు వీపు, కాళ్ళు మాత్రం ఎర్రగా. అమ్మ తలుపు తీసినా పరిగెత్తలేదు, తలెత్తి చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు జలదరించింది. పారిపోయే కయోటీని చూస్తే నాకెప్పుడూ భయం వెయ్యలేదు, ఆ రోజు పారిపోని దాన్ని చూశాను.

పిటిషన్‌లో రాసింది "పట్టుకుని దూరంగా అడవిలో వదిలేయండి" అని. సంతకం పెట్టిన చాలామంది మనసున్నవాళ్ళు, చంపమని వాళ్ళు అడగలేదు. కానీ టెక్సస్‌లో అది కుదరదు. 1995లో పెట్టిన రేబిస్ క్వారంటీన్ నిబంధనల ప్రకారం కయోటీని ఒకచోట పట్టి ఇంకోచోట వదలడం చట్టవిరుద్ధం. పట్టారంటే చంపుతారు. చంపమని అడగదలుచుకుంటే చంపమనే అడగాలి, ఎదురుగా చూసి అడగాలి.

పోనీ చంపితే పీడ విరగడవుతుందా అంటే, ఈ దేశం వందేళ్ళుగా అదే పనిలో ఉంది. 1931లో అధ్యక్షుడు హూవర్ సంతకం చేసిన చట్టంతో ఫెడరల్ ప్రభుత్వమే వేటాడి తినే జంతువుల నిర్మూలనకి పూనుకుంది. స్ట్రిక్నిన్ పెట్టారు, థాలియం పెట్టారు, 1080 అనే విషం పెట్టారు. ఆ విషం తిన్న కయోటీతో పాటు గద్దలు, నక్కలు, ఊరకుక్కలు కూడా పోయాయి. 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఫెడరల్ భూముల్లో ఈ విషాలని ఆపేశారు, 1975కల్లా భూమిలో పాతే సైనైడ్ గొట్టాలు మళ్ళీ వచ్చాయి. 2017లో ఐడహోలో పోకటెల్లో దగ్గర పద్నాలుగేళ్ళ అబ్బాయి ఇంటి వెనక గుట్ట మీద నడుస్తూ ఇదేంటో అని ఒక గొట్టాన్ని ముట్టుకున్నాడు, వాడి కుక్క వాడి కళ్ళముందే గిలగిలా కొట్టుకుని చచ్చిపోయింది. ఇప్పటికీ ఒక్క ఫెడరల్ సంస్థే, వైల్డ్‌లైఫ్ సర్వీసెస్, ఏటా సుమారు 60 వేల కయోటీల్ని చంపుతోంది. వేటగాళ్ళు చంపేవి వేరే లెక్క. ఇంత చేసినా, రెండొందల ఏళ్ళ క్రితం పడమటి మైదానాలు, ఎడారులకే పరిమితమైన ఈ జంతువు ఇవాళ హవాయి తప్ప మిగిలిన 49 రాష్ట్రాల్లోనూ ఉంది. తోడేళ్ళని తుడిచిపెట్టేశాం కాబట్టి దాని పని ఇంకా సులువైంది. ఎల్లోస్టోన్‌లో 1995లో తోడేళ్ళని మళ్ళీ తెచ్చి వదిలాక అక్కడి ఉత్తర భాగంలో కయోటీలు దాదాపు సగానికి పడిపోయాయి, తుపాకులకి లొంగనిది తోడేలుకి లొంగింది.

ఎందుకు తగ్గవో కూడా తెలిసిన సంగతే. కయోటీ గుంపులో మామూలుగా ఒక్క జంటే పిల్లల్ని కంటుంది. ఆ జంటలో ఒకదాన్ని కాల్చేస్తే గుంపు చెదిరిపోతుంది, మిగతా ఆడవి కూడా ఈనడం మొదలుపెడతాయి. ఖాళీ అయిన చోటుకి బయటి నుంచి కుర్ర కయోటీలు వస్తాయి. తిండికి పోటీ తగ్గడంతో పుట్టిన పిల్లలు ఎక్కువ బతుకుతాయి. 1975లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు లెక్కగట్టి చెప్పిందేమిటంటే, ప్రతి ఏడూ 75 శాతం చంపుకుంటూ పోయినా పూర్తిగా అంతరించడానికి యాభై ఏళ్ళు దాటుతుందట. ఏటా నాలుగింట మూడొంతులు! మా క్రీక్‌లో నాలుగిటిని పట్టించి ఏం సాధిస్తాం?

నేను చంపడానికే వ్యతిరేకం అనుకోకండి. మనిషి మీదకి వచ్చిందీ, పట్టపగలు పిల్లల వెంట పడిందీ ఏదో గుర్తించి దాన్ని తీసెయ్యాల్సిందే, ఆలస్యం చెయ్యకూడదు. ఫ్రిస్కోలోనూ డాలస్‌లోనూ తీశారు, సరిగ్గానే చేశారు. గొర్రెలు ఈనే ముందు ఒక రాంచ్ చుట్టూ ఉన్నవాటిని తీసేస్తే ఆ సీజన్‌లో గొర్రెపిల్లల నష్టం తగ్గుతుందన్నదీ నిజమే. నాకు కోపం తెప్పించేవి వేట పోటీలు. ఒక శనివారం రాత్రి జట్లు జట్లుగా నైట్ విజన్ స్కోపులతో బయల్దేరి, కుందేలు బాధతో అరిచినట్టు అరిచే ఎలక్ట్రానిక్ పరికరం పెట్టి, ఆశపడి వచ్చినవాటిని కాల్చి, ఆదివారం పొద్దున్నే పికప్ ట్రక్కుల్లోంచి దించి తూకం వేస్తారు. బరువైనదానికి ఒక బహుమతి, ఎక్కువ చంపినవాళ్ళకి ఒక బహుమతి. దీనికి పశువుల రక్షణ అని పేరు! చచ్చినవాటిలో గొర్రె ముఖం చూడనివే ఎక్కువ. 2014లో కాలిఫోర్నియా ఇలాంటి బహుమతుల్ని ఆపింది, ఆ తర్వాత న్యూమెక్సికో, ఆరిజోనా, కొలరాడో లాంటి వేట అలవాటున్న రాష్ట్రాలు కూడా ఈ పోటీల్ని నిషేధించాయి. మన టెక్సస్‌లో మాత్రం కయోటీకి సీజన్ లేదు, ఎన్ని అన్న లెక్కా లేదు. 2011 చట్టంతో హెలికాప్టర్‌లోంచి కాల్చడానికి కూడా దారి ఇచ్చారు, డబ్బు కట్టి సరదాకి ఎక్కేవాళ్ళున్నారు.

ఇది రాంచ్‌వాళ్ళ గొడవ, మనకెందుకు అంటారేమో. దసరాకి మేకని ఎక్కడ కొంటున్నాం? గొర్రెలు, మేకల పెంపకంలో దేశంలో మొదటి స్థానం టెక్సస్‌దే, ఆదివారం మన ఇళ్ళల్లో ఉడికే మాంసంలో కొంతైనా ఆ మందల నుంచే వస్తుంది. మేం ఏటా వెళ్ళే రాంచ్ ఫోర్ట్‌వర్త్‌కి పడమర గంటన్నర దూరం. రెండేళ్ళ క్రితం మేం వెళ్ళిన పొద్దున్నే ఆ రాంచ్ యజమానికి ఒక మేకపిల్ల పోయింది. గోనెసంచి మీద పడుకోబెట్టి ఉంది, గొంతు దగ్గర తోలు వెనక్కి ఒలిచి చూపించాడు, పైకి రెండు చుక్కల్లాంటి గాట్లు, లోపలంతా నల్లగా నెత్తురు గడ్డ. కయోటీ అయితే ఇలా గొంతు పట్టుకుంటుంది, ఊరకుక్కలైతే ఎక్కడపడితే అక్కడ చీరేస్తాయి అని చెప్పాడు. ఆయన చేతులు వణుకుతున్నాయి. అలాంటి మనిషికి ఊళ్ళో కూర్చుని జీవకారుణ్యం మీద ఉపన్యాసం ఇచ్చే హక్కు నాకు లేదు.

కానీ ఆయనే ఇంకో మాట అన్నాడు. ఆయన దగ్గర మూడు గ్రేట్ పిరనీస్ కుక్కలున్నాయి, తెల్లగా దూడలంత ఉంటాయి, పిల్లలప్పటి నుంచీ మేకల మధ్యే పెరిగినవి. కాపలాకి ఒక గాడిద కూడా ఉంది. ఆ నెల ఒక కుక్కకి కాలు దెబ్బతిని షెడ్డులో కట్టేశాడట, ఆ వైపు నుంచే కయోటీ వచ్చింది. మేకల జోలికి వచ్చినదాన్ని కాలుస్తాను, కంచె అవతల ఎలుకలు పట్టుకు తినేదాన్ని మాత్రం కాల్చను, అది ఉంటే కొత్తది రాదు అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మందని కాస్తున్న మనిషి మాట అది.

కదిరి దగ్గర మా తాతగారి ఊళ్ళో గొర్రెలవాళ్ళు చేసిందీ ఇదే కదా. అక్కడ తోడేళ్ళుండేవి. చేలో మంద నిలిపితే చుట్టూ ముళ్ళకంప వేసేవారు, చిన్న గొర్రెపిల్లల్ని గంపల కింద మూసేవారు, కుక్కల్ని వదిలి, మనిషి కంబళి కప్పుకుని మంద మధ్యలోనే పడుకునేవాడు. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ 2000 ప్రాంతంలో కయోటీల్ని పట్టి చంపే ఫెడరల్ ట్రాపర్లని పంపించేసి, ఆ డబ్బుని రాంచ్‌వాళ్ళకి కంచెలకీ కాపలా కుక్కలకీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక పిరనీస్ కుక్కని కొని మేపడం తేలిక కాదు, చిన్న రైతుకి అసలే కాదు. యూటా రాష్ట్రం 2012 నుంచి ఒక్కో కయోటీని చంపి తెస్తే 50 డాలర్లు ఇస్తోంది. ఆ డబ్బు కుక్కల మేతకి ఇస్తే ఎన్ని మందలు నిశ్చింతగా పడుకుంటాయో!

ప్రభుత్వం తలుచుకుంటే చంపకుండా ఏం చెయ్యగలదో మన టెక్సస్‌లోనే చూశాం. 1988లో దక్షిణ టెక్సస్‌లో కయోటీల్లో కుక్కల రకం రేబిస్ పుట్టి ఉత్తరంగా పాకింది. 1995 నుంచి విమానాల్లోంచి వ్యాక్సిన్ నింపిన ఎరలు జారవిడిచారు, కయోటీలు తిన్నాయి, ఆ రకం రేబిస్ ఆగిపోయింది. 2007లో దేశం మొత్తంలోనే అది లేదని ప్రకటించారు. ఇది ఎంత గొప్ప విజయమో, మన పిల్లలకి స్కూల్లో ఎవరూ చెప్పరు.

అందుకే నేను ఇంకో పిటిషన్ రాశాను. కావాలని తిండి పెట్టేవాళ్ళకి ఫైన్ వెయ్యాలి, ట్రైల్ పక్కన చెత్తడబ్బాలకి మూతలు బిగించాలి, ఏప్రిల్, మే నెలల్లో కయోటీలు పిల్లలు పెట్టిన చోట్ల బోర్డులు పెట్టాలి, మనిషి మీదకి వచ్చినదాన్ని ఆ ఒక్కదాన్నే వెంటనే తొలగించాలి. మన వంతుగా, చిన్న కుక్కని పొద్దున్నే అయినా సరే లీష్ లేకుండా ఒంటరిగా వదలొద్దు. కుక్క తిండి, కుక్క నీళ్ళ గిన్నె రాత్రి లోపల పెట్టుకోండి, రాలిన పళ్ళు ఎత్తెయ్యండి. ఎదురుపడితే పరిగెత్తొద్దు, నిలబడి చేతులు పైకెత్తి గట్టిగా అరవండి.

అమ్మకి మొదట మనసొప్పలేదు. మూగజీవాలకి పెట్టొద్దంటావా అని రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను ఆ పక్క వీధి పిల్లాడి సంగతి చెప్పాను. ఇప్పుడు మిగిలిన అన్నం నేను డబ్బాలో సర్ది ఫ్రిజ్‌లో పెడుతుంటే చూసి ఊరుకుంటోంది, వెనక తలుపు పక్కన ఒక స్టీలు పళ్ళెం, గరిటె తనే తెచ్చి పెట్టుకుంది. పోయిన వారం కయోటీ మళ్ళీ ఫెన్స్ దగ్గరికి వచ్చింది. అమ్మ బయటికెళ్ళి పళ్ళెం వాయించింది. ఈసారి అది క్రీక్ వైపు పరిగెత్తింది, వెనక్కి తిరిగి చూడలేదు.

సిటీ కౌన్సిల్ మీటింగ్ వచ్చే మంగళవారం సాయంత్రం. ముందు పేరు రాయించుకుంటే మాట్లాడటానికి మూడు నిమిషాలిస్తారు, నేను రాయించుకున్నాను. ఆ కుక్క పోయిన ఇంటావిడ కూడా వస్తానంది, ఆవిడ ఏం అడుగుతుందో నాకింకా తెలీదు. నా కారులో ఇంకో ముగ్గురికి చోటుంది.