ఆ ఇంట్లో చప్పుళ్లు ఎవరికి కావాల్సి వచ్చాయి?

1848 మార్చి 31, శుక్రవారం రాత్రి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్ అనే చిన్న పల్లె. కమ్మరి పని చేసుకునే జాన్ ఫాక్స్ కుటుంబం ఆ అద్దె ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలు కూడా కాలేదు. కొన్నాళ్లుగా రాత్రిళ్లు ఎక్కడినుంచో టక్ టక్‌మని చప్పుళ్లు. దీపం పట్టుకుని ఇల్లంతా వెతికినా ఏమీ కనిపించదు. నిద్రలు లేక అలిసిపోయిన తల్లి ఆ రోజు పెందరాళే పిల్లలిద్దర్నీ తన గదిలోనే పడుకోబెట్టింది. పెద్దది మ్యాగీకి పద్నాలుగేళ్లు ఉంటాయి. చిన్నది కేట్‌కి పదకొండు.

చప్పుళ్లు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి కేట్ భయపడలేదు. "చీలిన గిట్టల దొరా, నేను చేసినట్టు చెయ్యి" అంటూ సైతానుని ఉద్దేశించి చిటికెలు వేసింది. ఎన్ని వేస్తే అన్ని చప్పుళ్లూ తిరిగి వినిపించాయి. మ్యాగీ చప్పట్లు కొట్టి "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. నాలుగు చప్పుళ్లు. అప్పుడు కేట్ అన్న మాటను తల్లి తర్వాత ఇచ్చిన వాంగ్మూలంలో తానే చెప్పింది: రేపు ఏప్రిల్ ఫూల్ రోజు కదమ్మా, ఎవరో మనల్ని ఆటపట్టిస్తున్నారు అని.

ఆ మాట దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. పిల్ల తలుపు తెరిచి పెట్టింది. పెద్దవాళ్లెవరైనా నవ్వి, "చాల్లే, పడుకోండి" అని ఉంటే కథ ఆ రాత్రే అయిపోయేది. తల్లి నవ్వలేదు. ఆ చప్పుడును పరీక్షించాలనుకుంది. నా పిల్లల వయసులు వరసగా చెప్పు అని అడిగింది. ఒక్కొక్కరి వయసూ, మధ్యలో కాస్త ఆగుతూ, సరిగ్గా చెప్పింది చప్పుడు. అందరివీ అయ్యాక కొంచెం ఎక్కువసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత గట్టిగా మూడు చప్పుళ్లు. ఆమె కడసారి బిడ్డ మూడేళ్ల వయసులో చనిపోయింది.

ఇక ఆమెకు అనుమానం లేదు. ఇరుగుపొరుగుని పిలిపించింది. పదిమంది చేరారు, ఇరవైమంది చేరారు. అర్ధరాత్రికల్లా ఇల్లు నిండిపోయింది. చనిపోయిన తమ్ముడో చెల్లో ఎన్నేళ్లకు పోయిందో ఆ ఇంట్లో పడుకున్న ఇద్దరు అక్కలకూ తెలుసు కదా అని ఆ జనంలో ఒక్కరైనా అడిగినట్టు కనిపించదు.

చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మే ఆధునిక ఆత్మవాద ఉద్యమం పుట్టిన రాత్రిగా చరిత్ర పుస్తకాలు దీన్ని చెబుతాయి. దాని గురించి జరిగిన చర్చ అంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: దెయ్యం ఉందా, లేదా? నమ్మేవాళ్లు ఉందన్నారు, హేతువాదులు లేదన్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న కన్నా మ్యాగీ అనే ఆ పిల్లే ముఖ్యం. ఆ చప్పుడు ఎవరెవరికి కావాల్సి వచ్చిందో ఒక్కొక్కటే చూస్తే, పద్నాలుగేళ్ల అమ్మాయి చుట్టూ గోడలు ఎలా లేచాయో కనిపిస్తుంది.

మొదట చుట్టుపక్కలవాళ్లకు కావాల్సి వచ్చింది. వాళ్లు ప్రశ్నలడుగుతుంటే చప్పుళ్లు ఒక కథ చెప్పాయి. నా వయసు 31, ఊరూరూ తిరిగి సరుకులమ్ముకునేవాణ్ని, ఈ ఇంట్లోనే డబ్బు కోసం చంపి నేలమాళిగలో పాతిపెట్టారు అని. అంతకుముందు ఆ ఇంట్లో కాపురం ఉన్న వ్యక్తి మీదికి వేళ్లు లేచాయి. అతని ఇంట్లో ఒకప్పుడు పనికి ఉన్న అమ్మాయి కూడా వచ్చి, ఒక వ్యాపారి వచ్చిన రోజే నన్ను ఇంటికి పంపించేశారు అని సాక్ష్యం చెప్పింది. ఆ మనిషి తాను మంచివాణ్నని ఇరుగుపొరుగుతో సంతకాలు పెట్టించుకోవాల్సి వచ్చింది. ఫలానా వ్యాపారి కనిపించకుండా పోయాడని మాత్రం ఎవరూ నిరూపించలేదు.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అంటాం. ఆ ఇంటికి నిజంగానే గుట్లు ఉన్నాయి. తండ్రి తాగుడు వల్ల భార్యాభర్తలు ఏళ్ల తరబడి విడిగా బతికారు. మళ్లీ కలిశాక పుట్టిన పిల్లలు మ్యాగీ, కేట్. పెద్దక్క లియాకీ వీళ్లకీ ఇరవై ఏళ్ల తేడా. ఆ లియాకు చిన్న వయసులోనే పెళ్లయింది. మొగుడు వదిలేసి పోతే రోచెస్టర్‌లో సంగీతం పాఠాలు చెప్పుకుంటూ కూతుర్ని పెంచుకుంటోంది. తాగుడు, విడిపోవడం, చచ్చిపోయిన బిడ్డ, వదిలేసిన అల్లుడు. వీటి గురించి ఊరి ముందు ఎవరూ నోరు విప్పలేదు. నేలమాళిగలో ఎవరో అనామకుడి శవం గురించి మాత్రం ఊరంతా రాత్రంతా కూర్చుని మాట్లాడింది. పరాయివాడి రహస్యం తవ్వుతున్నంతసేపు సొంత ఇంటి రహస్యం జోలికి ఎవరూ రారు.

ఆ తర్వాత లియాకు కావాల్సి వచ్చింది. చెల్లెళ్లను రోచెస్టర్ తీసుకెళ్లింది. 1849 నవంబర్ 14న అక్కడి కొరింథియన్ హాల్లో టికెట్ 25 సెంట్లు పెట్టి మొదటి బహిరంగ ప్రదర్శన జరిగింది. సుమారు నాలుగు వందల మంది వచ్చారు. మోసమేమో తేల్చడానికి పట్టణ పెద్దలతో కమిటీలు వేశారు. ఒక కమిటీ తరఫున ఆడవాళ్లు మ్యాగీని, లియాను గదిలోకి తీసుకెళ్లి బట్టలు విప్పించి వెతికారు. అక్కాచెల్లెళ్లు ఏడుస్తుంటే ఆ ఏడుపు విని, బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పనిచేసే అమీ పోస్ట్ తోసుకుని లోపలికి వచ్చి ఆపించింది. పదహారేళ్లు వచ్చిన పిల్లకు అది ఎంత అవమానమో చెప్పక్కర్లేదు. కమిటీలు మాత్రం ఏమీ కనిపెట్టలేకపోయాయి. దాంతో ప్రచారం పదింతలైంది. మరుసటి ఏడాది న్యూయార్క్ నగరంలో దర్బారు పెట్టారు. అప్పటికే కొడుకును కలరాతో పోగొట్టుకున్న ప్రసిద్ధ సంపాదకుడు హొరేస్ గ్రీలీ దంపతులు కూడా వాళ్లను ఇంటికి పిలిపించుకున్నారు. పిల్లలు పోయిన తల్లిదండ్రులు ఆ కాలంలో ప్రతి వీధిలోనూ ఉన్నారు. చప్పుడు వాళ్లందరికీ కావాల్సి వచ్చింది.

నిజం బయటికి రాకుండా ఏమీ లేదు. 1851లోనే వాళ్లకు చుట్టరికం ఉన్న ఒకామె, కేట్ తనకు కాలి వేళ్లతో ఎలా చప్పుడు చెయ్యాలో చూపించిందని వాంగ్మూలం ఇచ్చింది. అదే ఏడాది బఫెలోలో ముగ్గురు డాక్టర్లు ఇవి కీళ్లు విరిచే చప్పుళ్లని, మోకాళ్లు గట్టిగా పట్టుకుంటే ఆగిపోతున్నాయని రాశారు. అది కూడా ప్రచారంగానే పనికొచ్చింది. అప్పటికే ఆ చప్పుళ్ల మీద ఆధారపడి బతికేవాళ్లు, బాధ తీర్చుకునేవాళ్లు, పుస్తకాలు రాసేవాళ్లు లెక్కలేనంతమంది. ఒక పిల్ల మొదలుపెట్టిన ఆటను ఆపే అధికారం ఆ పిల్ల చేతిలో లేదు.

ఇక్కడ ఒక విషయం పట్టించుకోవాలి. హైడ్స్‌విల్ రాత్రి జరిగిన మూడున్నర నెలలకే, అదే ప్రాంతంలోని సెనెకా ఫాల్స్‌లో అమెరికా మహిళల తొలి హక్కుల సదస్సు జరిగింది. అమీ పోస్ట్ అక్కడా ఉంది. ఆడది సభలో లేచి మాట్లాడటమే తప్పుగా చూసిన రోజులవి. కానీ ఆత్మ పూనిందంటే మాట్లాడొచ్చు. అలా పూనిన ఆడవాళ్లు గంటల తరబడి మాట్లాడినా మగవాళ్లు నోరెత్తకుండా విన్నారు. మాట ఆమెది కాదు కాబట్టి విన్నారు.

మనకు ఇది కొత్తగా అనిపించదు. ఇంట్లో నోరెత్తడానికి వీల్లేని కోడలికి పూనకం వస్తే అత్తగారు చేతులు జోడించి "ఏం కావాలి తల్లీ" అని అడుగుతుంది. బోనాల మరునాడు సికింద్రాబాద్‌లో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ ముందు అధికారంలో ఉన్నవాళ్లు కూడా తలవంచుకుని మందలింపు వింటారు. ఆ నమ్మకాన్ని నేను కించపరచను. దాని లోపల ఒక గొప్ప తెలివి ఉంది: ఏడాదికి ఒక్క రోజైనా ఒక ఆడమనిషి గొంతుకు ఎదురు చెప్పకూడదన్న ఏర్పాటు అది. నన్ను కలవరపెట్టేది మిగతా రోజుల సంగతి. పద్నాలుగేళ్ల పిల్ల ఉన్నట్టుండి మాట మానేస్తుంది, నిద్రలో కేకలు పెడుతుంది, ఒక గదిలోకి వెళ్లనంటుంది, ఒక బంధువు వస్తే వణికిపోతుంది. "గాలి సోకింది" అంటారు. తాయెత్తు కడతారు, వేపమండలతో కొడతారు, భూతవైద్యుడు జుట్టు పట్టుకుని "ఎవరు నువ్వు?" అని అరుస్తాడు. ఆ ప్రశ్న దెయ్యాన్ని అడుగుతున్నారు. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని "నీకేమైందమ్మా?" అని అడగరు. అడిగితే ఏ పేరు చెబుతుందోనని లోలోపల భయం కూడా ఉంటుంది. పిల్లల మీద లైంగిక దాడుల కేసుల్లో నిందితులు నూటికి తొంభై మందికి పైగా తెలిసినవాళ్లేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు ఏటా చెబుతూనే ఉన్నాయి. ప్రతి పూనకం వెనకా అలాంటిదే ఉందని నేను అనను. అన్నీ నాటకాలని అసలే అనను. మనిషి తన వశంలో లేకుండా పోయే స్థితి ఉందని ఒప్పుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన రోగాల వర్గీకరణ ఐసీడీ-11లో దానికి చోటు ఇచ్చింది. ముందు అడగాల్సింది పిల్లను అన్నదే నా మాట.

హైడ్స్‌విల్ గాలి మన దాకా కూడా వచ్చింది. 1874లో వెర్మాంట్‌లోని ఒక రైతు ఇంట్లో ఆత్మలు కనిపిస్తున్నాయని చూడటానికి వెళ్లినప్పుడు కర్నల్ ఆల్కాట్, మదాం బ్లావట్‌స్కీ కలుసుకున్నారు. మరుసటి ఏడు న్యూయార్క్‌లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెట్టారు. 1882లో దాని కేంద్రం మద్రాసు అడయారుకు మారింది. 1909లో అక్కడి సముద్రతీరంలో ఆ సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కంటపడిన కుర్రవాడు మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. వయసు పద్నాలుగు. తల్లి పోయి నాలుగేళ్లు. ఈ పిల్లవాడి ద్వారా జగద్గురువు మాట్లాడతాడని పెద్దవాళ్లు నిర్ణయించారు. పిల్లల్ని తిరిగి తెచ్చుకోవడానికి తండ్రి నారాయణయ్య కోర్టుకెక్కాడు, చివరికి ఓడిపోయాడు. మ్యాగీ కథ పక్కన దీన్ని ఉంచి చూడటం ఎందుకంటే, ఇక్కడ మోసం లేదు, అయినా బరువు ఒకటే: తన నోట ఇంకెవరి మాటో వినాలని ఎదురుచూసే పెద్దవాళ్ల మధ్య పెరగడం. 1929లో కృష్ణమూర్తి తన కోసం కట్టిన సంఘాన్ని తానే రద్దు చేసి, ఆస్తులు తిరిగి ఇచ్చేసి, కాదన్నాడు. కాదన్న తర్వాత కూడా లోకం ఆయన మాట విన్నది.

మ్యాగీకి ఆ అదృష్టం దక్కలేదు. ఆర్కిటిక్ యాత్రికుడు ఎలైషా కేన్ ఆమెను ప్రేమించాడు. ఈ పని మానెయ్యమని బతిమాలాడు, చదివించాడు. అతని కుటుంబం ఆమెను ఒప్పుకోలేదు. 1857లో అతను హవానాలో చనిపోయాడు. మా పెళ్లయింది అని ఆమె చెబితే ఆ ఇంటివాళ్లు నమ్మలేదు. ఆత్మల మాట అంటే గుమిగూడే జనం, ఆమె సొంత జీవితం గురించి సొంత నోటితో చెప్పిన మాటను మాత్రం అబద్ధమన్నారు. తండ్రి తాగుడు అక్కాచెల్లెళ్లిద్దరికీ వచ్చింది. 1888లో తాగుడు కారణంగా కేట్ పిల్లలిద్దర్నీ అధికారులు కొంతకాలం తీసుకెళ్లారు. దీని వెనక లియా ఉందని చెల్లెళ్లు నమ్మారు.

అదే ఏడాది అక్టోబర్ 21న న్యూయార్క్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ వేదిక మీదికి మ్యాగీ వచ్చింది. అప్పటికి యాభై దాటాయి. చెప్పు విప్పి, కాలి బొటనవేలి కీలుతో చప్పుడు చేసి చూపించింది. హాలంతా వినిపించింది. పత్రికకు ఇచ్చిన వివరణలో మొదటి రోజుల సంగతీ చెప్పింది. యాపిల్ పండుకు దారం కట్టి నేల మీద ఎగరేసేవాళ్లమని, చిన్నపిల్లలం కాబట్టి ఎవరూ మమ్మల్ని అనుమానించలేదని, తర్వాత అక్క మమ్మల్ని ఊరూరూ తిప్పిందని. ఆ ఒప్పుకోలుకు కూడా డబ్బు ముట్టింది. చేతిలో చిల్లిగవ్వ లేని మనిషి ఆమె. నమ్మేవాళ్లు తాగుడు మైకంలో వాగింది అన్నారు. ఏడాది తిరిగాక, నేను చెప్పినదే అబద్ధం అని ఆమె వెనక్కి తీసుకుంది. తిండికి వేరే దారి లేదు. 1892లో కేట్, 1893లో మ్యాగీ పేదరికంలోనే పోయారు.

ఇంతకీ ఆ మూడు చప్పుళ్లు. చనిపోయిన బిడ్డ వయసు చెప్పమని తల్లి ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటే ఆ చీకట్లో కాలి వేలు కదిపిన పిల్లకు, మ్యాగీయో కేటో, అమ్మ ఏం వినాలనుకుంటోందో తెలుసు. మరుసటి రోజు అమ్మకు ఎలా చెప్పాలి? ఆ బిడ్డ నిన్ను మర్చిపోలేదు అన్న నమ్మకంతో ఆమె మరో పదిహేడేళ్లు బతికి, 1865లో పోయింది. మ్యాగీ వేదికెక్కి చెప్పు విప్పేనాటికి తల్లి పోయి ఇరవై మూడేళ్లయింది.