స్కిప్పింగ్ అంటే తాడు కాదట

నిన్న శనివారం జరిగిందిది. మోకాలికి రాసుకున్న బామ్ వాసన ఇంకా పోలేదు, కోపం కూడా పోలేదు, అందుకే వేడి మీదే రాసేస్తున్నా.

మా చిన్నదానికి ఐదున్నరేళ్ళు, యూకేజీ. నెల కిందట స్కూలు వాళ్ళు ఒక కార్డు పంపారు. మార్కులు కాదు, మూవ్‌మెంట్ స్కిల్స్ అట. పరుగుకి పచ్చ చుక్క, ఒంటికాలి గెంతుకి పచ్చ, బంతి పట్టుకోడానికి పసుపు, స్కిప్పింగ్‌కి మాత్రం నిండు ఎరుపు, పక్కన "ఇంట్లో ప్రాక్టీస్ చేయించగలరు" అని. మా ఆవిడ ఆ ఎర్ర చుక్కనీ నన్నూ మార్చి మార్చి చూసి "మీ పోలికే" అంది. స్కిప్పింగే కదా, ఎంతసేపు, అని ఆ సాయంత్రమే నూట ఇరవై రూపాయలు పెట్టి గులాబీ రంగు పిడులున్న తాడు కొనుక్కొచ్చా. నెల రోజులు హాల్లో సోఫా జరిపి ట్రైనింగ్. కింది ఫ్లాట్ ఆంటీ రెండుసార్లు పైకొచ్చారు, ఒక ట్యూబ్‌లైట్ పోయింది, అవన్నీ వదిలేయండి. మొత్తానికి పిల్ల వరసగా మూడు కొట్టింది.

ఆ గర్వంతో నిన్న పేరెంట్స్ మీటింగ్‌కి తాడు కూడా పట్టుకెళ్ళా.

స్కూల్ గ్రౌండ్ అంటే ఏదో ఊహించుకోకండి, సెల్లార్. టీచర్ల స్కూటీలు ఒక పక్కకి తోసి, స్కూల్ వ్యాన్ ఒకటి నిలబెట్టగా మిగిలిన జాగాలో పచ్చ కార్పెట్ పరిచారు, అదే గ్రౌండు. పీఈటీ సార్ కుర్రాడు, మర్యాదస్తుడు, తప్పు పట్టడానికేం లేదు. నా చేతిలోది చూసి "తాడెందుకు సార్?" అన్నాడు. "స్కిప్పింగ్ అన్నారుగా" అన్నా. అతను నవ్వు ఆపుకుని, అది వేరు సార్ ఇది వేరు, ఇది ఒక అడుగేసి అదే కాలి మీద చిన్న గెంతు, వెంటనే రెండో కాలితో అడుగు, మళ్ళీ దాని మీద గెంతు, పిల్లలు సెలవిచ్చారనగానే ఎగురుకుంటూ పోతారే, అది, అని చెప్పాడు. ఈ ఒక్క ముక్క కార్డు మీద రాస్తే వీళ్ళ సొమ్మేం పోయింది? ఫీజు రసీదులో డెవలప్‌మెంట్ ఛార్జీలు, మెయింటెనెన్స్ ఛార్జీలు అని పది లైన్లు విడివిడిగా రాయడం వచ్చుగా!

అంతటితో దండం పెట్టి వచ్చేస్తే బాగుండేది. "ఒకసారి మీరు చేసి చూపించండి సార్, పాప మిమ్మల్ని చూసే నేర్చుకుంటుంది" అన్నాడు. వెనక పదిహేను మంది తల్లిదండ్రులు టోకెన్లు పట్టుకుని కూర్చుని ఉన్నారు. చిన్నది నా చొక్కా లాగి "చెయ్యి నాన్నా" అంది.

గోడ మీద చార్ట్ ఉంది. మొత్తం పదమూడు విద్యలు, కాళ్ళవి ఆరు, బంతివి ఏడు. (రాత్రి వెతికి చూస్తే తెలిసింది, 1985లో డేల్ ఉల్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ తయారుచేసిన టెస్టట, ఈ పదమూడు దాని మూడో వెర్షన్‌వి. మూడు నుంచి పదేళ్ళ పిల్లలకి, నలభై ఒకటేళ్ళ వాళ్ళకని ఎక్కడా లేదు.) స్కిప్ కింద మూడు రూల్స్: అడుగు తర్వాత అదే కాలి మీద గెంతు, కాళ్ళకి ఎదురుగా చేతులు ఊగడం, ఆగకుండా లయగా నాలుగు స్కిప్పులు. చదవడానికి ఇంతే.

మొదలుపెట్టా. కుడి కాలు అడుగు, కుడి కాలి మీద గెంతు, బాగానే ఉంది. ఎడమ కాలి వంతు వచ్చేసరికి ఒంట్లో ఎవరో కరెంటు తీసేసినట్టయింది. ఎడమ కాలు అడుగు వేసింది గానీ గెంతనంటుంది, మళ్ళీ కుడి కాలే ముందుకొస్తానంటుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది, ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి గెంతుకుంటూ పోతే అది గాలప్, చిన్నప్పుడు చీపురు పుల్ల పట్టుకుని గుర్రమాట ఆడామే అది, నాకు వచ్చింది అదొక్కటే అని నలభై ఒకటేళ్ళకి ఒక సెల్లార్‌లో తెలిసింది. పోనీ చేతులైనా కుదురుతాయా అంటే కుడి కాలితో కుడి చెయ్యి, ఎడమ కాలితో ఎడమ చెయ్యి లేస్తున్నాయి, దసరాకి పులివేషం వేసేవాళ్ళు కూడా ఇంకాస్త పద్ధతిగా వేస్తారు. వెనక ఎవరో ఫోన్ తీసిన చప్పుడు. ఎలాగైనా ఎడమ కాలిని గెంతించాలని పంతం పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపు ఊపా. కాలు గెంతలేదు. చెప్పు గెంతింది. కొత్త చెప్పు, కొంచెం వదులు, మా ఆవిడ అప్పటికీ వద్దంది. అది నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, గాల్లో రెండు పల్టీలు కొట్టి వ్యాన్ పైన బ్యాగులేసే క్యారియర్‌లో పడింది. అందరూ తల పైకెత్తి చూశారు, తర్వాత అందరూ నా వైపు చూశారు. అప్పుడు పీఈటీ సార్ చాలా సీరియస్‌గా "పర్లేదు సార్, ఈ టెస్టులో రెండో ఛాన్స్ ఉంటుంది" అన్నాడు.

రెండో ఛాన్స్‌లో మోకాలు.

ఇంటికొచ్చి ఐస్ పెట్టుకుని మా పిల్లల డాక్టర్ బావకి ఫోన్ చేస్తే విరగబడి నవ్వి, ఒరేయ్, గాలప్ నాలుగేళ్ళకి అటూ ఇటూగా వస్తుంది, స్కిప్ అన్నిటికంటే లేటు, చాలామందికి ఆరు ఏడేళ్ళకి గానీ కుదరదు, అన్నాడు. అంటే ఐదున్నరేళ్ళ పిల్లకి ఎర్ర చుక్క పెట్టడం, పాలపళ్ళు ఇంకా ఊడలేదేంటని ఎర్ర చుక్క పెట్టడం ఒకటే! ఇది చిన్నప్పుడు పాకకుండా దేకుతుంటే మా అత్తగారు బెంగపడిపోయినప్పుడు కూడా వీడే చెప్పాడు, 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లల లెక్కలేసింది, అందులో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు, నడక ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడొచ్చినా మామూలే, వందలో నలుగురు అసలు పాకనే పాకరు అని. మనవాళ్ళు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అన్నారు గానీ స్కిప్పింగ్‌కి ఏ పిండివంటా పెట్టలేదు, అంటే దానికంత తొందర లేదనే కదా!

ఈలోగా చిన్నది హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి "నాన్న స్కిప్, నాన్న స్కిప్" అని తిరుగుతోంది. కుడి కాలు, కుడి చెయ్యి. చివర్లో చెప్పు విసరడంతో సహా.

ఆ గొడవలో నేను మోకాలు పట్టుకుని కూర్చుంటే వ్యాన్ రెండో ట్రిప్‌కి వెళ్ళిపోయింది, పైన నా చెప్పుతో. నాలుగో నంబర్ రూటు. సోమవారం పొద్దున్నే ఏడూ నలభైకి మా చిన్నదాన్ని ఎక్కించుకోడానికి మా గేటు ముందుకొచ్చేదీ అదే.