నా తల మీద పంచవర్ష ప్రణాళిక

ముప్పై నాలుగో ఏట మొదలుపెట్టాను తలకి రంగు వేయడం. పాపిడి పక్కన నాలుగంటే నాలుగు తెల్ల వెంట్రుకలు కనపడ్డాయి, మా పెద్దాడపడుచు చూసి "అయ్యో, అప్పుడేనా!" అంది, అంతే. ఆ ఒక్క "అప్పుడేనా" నాతో పదిహేడేళ్ళు చాకిరీ చేయించింది. మూడు వారాలకోసారి ఆదివారం పొద్దున్నే పాత నైటీ, పాత తువ్వాలు, ప్లాస్టిక్ గిన్నె, చెవుల చుట్టూ వాజిలిన్. లెక్కల టీచర్ని కదా, ఊరుకోలేక ఓసారి లెక్కేశాను. ఏడాదికి 17 ఆదివారాలు, 17 ఏళ్ళకి 289. పరిపూర్ణ వర్గం! ఆ ఆదివారాలన్నీ పడుకుని ఉంటే ఎంత హాయిగా ఉండేదో.

కిందటి దసరాకి చెవుల వెనక దురద మొదలైంది, తర్వాత పొక్కులు లేచాయి. చర్మం డాక్టరుగారు చూసి, రంగులో పీపీడీ అని ఒక రసాయనం ఉంటుంది, అది మీకు పడట్లేదు, ఆపేయండి అన్నారు. ఉన్నట్టుండి ఆపేస్తే స్కూల్లో ఎలా అండీ అంటే, "ఏముందమ్మా, నెమ్మదిగా తెల్లబడనివ్వండి" అన్నారు. ఆ "నెమ్మదిగా" దగ్గరే నేను బోల్తా పడ్డాను.

జుట్టు నెలకి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. టేపు పెట్టి కొలిస్తే నా జడ 60 సెంటీమీటర్లు వచ్చింది. అంటే కొస దాకా తెల్లబడాలంటే ఐదేళ్ళు. 2017తో దేశమే పంచవర్ష ప్రణాళికలకి మంగళం పాడేస్తే, నేను నెత్తి మీద కొత్తగా ఒకటి ప్రారంభించాను. మావారికి చెబితే, నున్నటి తల మీద చెయ్యి తిప్పుకుంటూ "మన ప్రణాళిక ఎప్పుడో లక్ష్యం చేరిపోయింది" అన్నారు.

దగ్గరదారులు లేక కాదు. పార్లర్ అమ్మాయి, ఉన్న నలుపంతా బ్లీచ్‌తో లాగేసి తెలుపులో కలిపేస్తానంది. నలుపు లాగితే ముందు ఇత్తడి చెంబు రంగు వస్తుంది మేడమ్, దాని మీద ఇంకోటి వేస్తాం, ఆ పసుపు పోవడానికి ఊదారంగు షాంపూ వాడాలి అంటూ ఆవిడ చెబుతుంటే నేను చెప్పులు వెతుక్కున్నాను. ఎదురింటి పిన్నిగారైతే ఇంకా సులువైనది చెప్పారు. "కొండకెళ్ళి కల్యాణకట్టలో ఇచ్చేసి రా అమ్మాయ్, పుణ్యం, పురుషార్థం, పైసా ఖర్చు లేదు." మూడు కత్తెర్లు ఇవ్వడానికే నెలరోజులు ఆలోచించే మనిషిని నేను.

సరే, పెరగనిచ్చాను. రెండో నెలకి పాపిడికి అటూ ఇటూ తెల్లటి చార తేలింది. ఆరో తరగతి పిల్లాడొకడు నోటుబుక్కు దిద్దించుకోవడానికి వచ్చి, "మేడమ్, సుద్దపొడి పడింది" అని చెయ్యి చాచి ఎంతో భక్తిగా నా పాపిడి దులిపాడు. రాలలేదు. ఇంకోసారి దులిపాడు. "ఉండనీలేరా, అది నాదే" అన్నాను. సిటీ బస్సులో ఫ్రీ టికెట్టు కోసం ఆధార్ చూపిస్తే కండక్టరు కార్డు మీది కాటుకలాంటి జుట్టునీ నా తలనీ రెండుసార్లు చూసి, "మీ అమ్మాయి కార్డు చూపిస్తే ఎలాగమ్మా" అన్నాడు. వాదించి టికెట్టు తీసుకున్నాననుకోండి, ఈలోగా నాకంటే కనీసం పదేళ్ళు పెద్దావిడ లేచి, "కూర్చో తల్లీ" అని సీటిచ్చింది. ఇంగ్లీషులో ఈ తలని ఉప్పూ మిరియాలూ అంటారట, వినడానికి బాగానే ఉంది. మనకి మాత్రం ముగ్గుబుట్టే.

నాలుగో నెలలో, అంటే నాలుగు సెంటీమీటర్ల దగ్గర, తోడికోడలి కూతురి పెళ్ళి వచ్చిపడింది.

నలుపు వద్దు, ఉత్తి గోరింటాకు పొడి పెట్టుకుంటే తెలుపు కాస్త గోధుమరంగులోకి తిరిగి నలుపులో కలిసిపోతుంది అనుకున్నాను. శుక్రవారం రాత్రి ఇనప మూకుట్లో టీ డికాక్షన్ పోసి కలిపి నానబెట్టి, శనివారం తలకి పట్టించి మూడు గంటలు కూర్చున్నాను. కడిగి అద్దంలో చూసుకుంటే నలుపు నలుపులాగే ఉంది, దానికి ఏమీ అంటలేదు. తెలుపు మాత్రం భగ్గుమంది. కింద బొగ్గులు, పైన నిప్పు. నెత్తిన కుంపటి అన్న మాట యాభై ఏళ్ళుగా వింటున్నాను గానీ కళ్ళారా చూడ్డం అదే మొదలు.

బెంగుళూరులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేస్తే, కంగారుపడకు, గోరింటాకు మీద నీలి ఆకు పొడి పెడితే ముదురు రంగు వస్తుంది అంది. పరుగెత్తి పొడి తెచ్చాను. పెళ్ళి ఆదివారం రాత్రి. శనివారం రాత్రే మిగిలిన టీ డికాక్షన్‌లో కలిపి మూతపెట్టి పడుకున్నాను. పొద్దున్న పట్టించి, రెండు గంటలాగి కడిగితే కుంపటి చెక్కు చెదరలేదు. మళ్ళీ ఫోన్. "రాత్రంతా నానబెట్టావా? అదేమన్నా ఇడ్లీ పిండా అక్కా! గోరువెచ్చటి నీళ్ళలో కలిపి పది పదిహేను నిమిషాల్లో పెట్టేసుకోవాలి, లేకపోతే దాని సారమంతా పోతుంది" అంది. ఈ ముక్క నిన్న చెప్పడానికేం?

మిగిలిన సగం ప్యాకెట్టు ఆవిడ చెప్పినట్టే కలిపి మధ్యాహ్నం రెండింటికి పెట్టాను. బచ్చలికూర పప్పు వాసన. నాలుగింటికి కడిగి, తువ్వాలు తీసి, వాకిట్లో వెలుతురులోకొచ్చి అద్దం పట్టుకున్నాను.

పచ్చ! లేత మావిడాకు కూడా కాదు, చెరువు మీద నాచు ఉంటుందే, ఆ పచ్చ. నాలుగు సెంటీమీటర్లు, నుదుటి మీద నుంచి నడినెత్తి దాకా. వీడియో కాల్‌లో చెల్లెలు చూసి కాసేపు మాట్లాడలేదు. నవ్వుతోందని స్క్రీన్ ఊగుతుంటే తెలిసింది. "గాలి తగిలితే నల్లబడుతుందక్కా, ఒకటి రెండు రోజులు పడుతుంది." ముహూర్తం రాత్రి 9.12కి.

నాలుగు మూరల మల్లెపూలు తెప్పించాను కప్పేద్దామని. పూలు పెట్టుకునేది జడలో, పచ్చగా ఉన్నది పాపిడి దగ్గర. ముందుకి పెట్టుకుంటే పెళ్ళికూతుర్ని నేనే అనుకుంటారు. చీర మార్చుకునే టైము కూడా లేదు, బ్లౌజు కుట్టించింది దానికే, చిలకపచ్చ అంచు పట్టుచీర.

మంటపంలో అడుగుపెట్టగానే పెద్దాడపడుచు ఎదురైంది. పదిహేడేళ్ళ కిందట ఎక్కడ చూసిందో సరిగ్గా అక్కడే చూసి, "చీరకి మ్యాచింగా? ఎంతయిందే?" అంది మెల్లిగా. వెటకారం అనుకున్నాను గానీ కాదు, నిజంగానే రేటు అడుగుతోంది. ఇంటర్ చదివే అమ్మాయిలిద్దరు వచ్చి సెల్ఫీ దిగారు. అక్షింతలు వేయడానికి వంగినప్పుడు లైటు పట్టుకున్న కుర్రాడు నా తల మీదే ఫోకస్ పెట్టాడు, పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం వదిలేసి అటే చూశాడు. మావారు మాత్రం భోజనాల దగ్గర పక్కన కూర్చుని, నా విస్తట్లో గోంగూర పచ్చడి వేయించి, "ఇదైనా నల్లబడకముందే తినేయ్" అన్నారు. ఈ మనిషితో పాతికేళ్ళుగా కాపురం.

సోమవారం పొద్దున్న లేచి చూసుకుంటే నిజంగానే నల్లబడింది. పైనుంచి కింద దాకా శుభ్రంగా, నిగనిగలాడుతూ, వంక పెట్టడానికి లేనంత నలుపు. నాలుగు నెలలుగా సుద్దపొడి అనిపించుకుని, కండక్టరుతో గొడవపడి, పెంచుకున్న తెలుపంతా హుళక్కి. పీపీడీ లేదు కాబట్టి చెవులు దురదపెట్టలేదు, ఆ ఒక్కటీ లాభం. స్టాఫ్‌రూమ్‌లో సోషల్ మేడమ్ చూసి, "అమ్మయ్య, మళ్ళీ వేశారా, మనిషిలా ఉన్నారు" అంది. ఆరో తరగతి పిల్లాడు నా తల కేసి చూసి, "పోయింది మేడమ్" అన్నాడు, తనే దులిపి పోగొట్టినట్టు.

మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాను. ఇప్పుడు పైన ఐదు సెంటీమీటర్ల తెలుపు, దాని కింద నాలుగు సెంటీమీటర్ల గోరింటాకూ నీలీ, కిందంతా పాత రంగు వెలిసి ఎర్రబడుతోంది, మడత కాజా పొరల్లా.

మొన్న పెళ్ళి ఆల్బమ్ వచ్చింది. ఏ పేజీలో ఎంత పచ్చగా ఉన్నానో అని భయపడుతూ తిప్పాను. ఎక్కడా పచ్చ లేదు. అక్షింతలప్పటి ఫొటోలో కూడా తల కాటుకలా ఉంది, పైగా నుదుటి మీద ముడతలు కూడా లేవు. అనుమానం వచ్చి ఫొటో స్టూడియోకి ఫోన్ చేశాను.

"మీ జుట్టుకి ఏదో కలర్ ప్రాబ్లమ్ వచ్చింది మేడమ్, మా కెమెరాదే తప్పనుకుంటా. ప్రతి ఫొటోలో కూర్చుని నల్లగా దిద్దాం. మీకు ఎక్స్‌ట్రా ఏమీ వేయలేదు."